వెనక్కి తిరిగి చూడని మనిషి

చర్ల,
సంక్రాంతి వెళ్లిన నాలుగో రోజు.

చిరంజీవి చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగున్నాం. మిరప కోతలు మొదలయ్యాయి. మీ అమ్మా నాన్నా తెల్లారకముందే చేనికి పోతున్నారు. కట్టిచ్చిన అరిసెలు విరక్కుండా చేరాయా అని మీ నాయనమ్మ రోజూ అడుగుతోంది.

ఇంట్లో ఫోను పెట్టుకుని ఈ ముసలాయన ఉత్తరం రాయడమేంటని అనుకుంటావు. ఫోను చేయడానికి ధైర్యం చాల్లేదురా. ఎందుకో చెప్తాను.

నువ్వు భద్రాచలం బయల్దేరిన రోజు గంట గడిచాక నీకు ఫోను చేశాను. రెండోసారి మోగేలోపే ఎత్తావు. "చెప్పు తాతయ్యా" అన్నావు. నీ మాట వెనక గాలి హోరు వినపడింది. చేరి ఉంటావనుకుని చేశాను, ఇంకా దారిలోనే ఉన్నావని అర్థమైంది. వెంటనే పెట్టేయాల్సింది. పెట్టలేదు. అరిసెల డబ్బా బ్యాగులో కింద పెట్టావా, పైన పెట్టావా అని అడిగాను. చలికి చెవులకు ఏమైనా కట్టుకున్నావా అని అడిగాను. నువ్వు అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పావు. మధ్యలో ఒక్కసారిగా పెద్ద హారన్ మోగింది. నీ మాట ఆగిపోయింది. ఇక్కడ నా ఊపిరి ఆగింది. కాసేపటికి నవ్వుతూ "ఏం లేదు తాతయ్యా, ఇసుక లారీ" అన్నావు.

ఆ నవ్వు ఇంకా నా చెవిలోనే ఉంది. ఆ లారీ డ్రైవరు ఎవరో, ఏ ఊరివాడో తెలియదు. ఆ పూట నా మనవణ్ణి కనిపెట్టుకున్నది అతనే. నువ్వు నీ ధ్యాసలో లేవు, నేను నా ధ్యాసలో లేను. ముప్పై ఏళ్లు ఇదే రోడ్డు మీద బస్సు తోలినవాణ్ణి, బండి మీదున్న పిల్లాడితో అరిసెల గురించి మాట్లాడాను. తప్పు ముందు నాది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరాన్ని ఎవరైనా కూర్చునే చదువుతారు. చదివినంతసేపూ నీ చేతిలో హ్యాండిల్ ఉండదు. నాకు అదే కావాలి.

ఈ దారి నీకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. కాని కిటికీ పక్కన కూర్చుని చూసిన దారి వేరు, డ్రైవరు సీట్లో కూర్చుని చూసిన దారి వేరు. చర్ల నుంచి భద్రాచలానికి అరవై కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒకవైపు గోదారి, ఇంకోవైపు అడవి, ఆ అడవి దాటితే ఛత్తీస్‌గఢ్. నేను కొత్తగా డ్యూటీలో చేరినప్పుడు ఈ రోడ్డు మీద లారీ కనపడితే పిల్లలు పరిగెత్తుకొచ్చి చూసేవాళ్లు. ఇప్పుడు గోదారి ర్యాంపుల నుంచి ఇసుక లారీలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతున్నాయి. వాటి బరువుకు రోడ్డు కుంగి గుంతలు పడ్డాయి. గుంతలో లారీ ఎగిరినప్పుడల్లా చారెడు ఇసుక కింద పడుతుంది. రాత్రిపూట రిపేరొచ్చి ఆగిన లారీ వెనక దీపం ఉండదు, ఒక రాయో చెట్టు కొమ్మో పెట్టి ఉంటుంది, అంతే. ఇది మిరప కాలం కాబట్టి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలను తెచ్చే ట్రాక్టర్లు, ఆటోలు నిండుగా తిరుగుతుంటాయి. పొద్దున పూట గోదారి మీంచి మంచు లేస్తే పది అడుగుల ముందు ఏముందో తెలియదు.

ఇవన్నీ నీ కంటికి ఆనేవే. ఆనని మనిషి ఇంకొకరున్నారు. రోడ్డు అంచున నడిచిపోయే మనిషి.

కోయ గూడేల నుంచి, గుత్తికోయల గుంపుల నుంచి ఆడవాళ్లు తెల్లారేసరికే రోడ్డెక్కుతారు. చేనికో, సంతకో, ఆసుపత్రికో. అడవిబాట మనిషి పట్టేంతే ఉంటుంది కదా, ఆ అలవాటున తారు రోడ్డు మీద కూడా ఒకరి వెనక ఒకరే నడుస్తారు. నెత్తిన మూటో గంపో కట్టెల మోపో ఉంటుంది. వెనక బండి చప్పుడైతే అడుగు పక్కకు వేస్తారు. వెనక్కి తిరిగి మాత్రం చూడరు. చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే కాబట్టి నీకు అందులో వింత కనపడదు. నాకూ కనపడేది కాదు, ఒకరోజు దాకా.

మీ నాన్న ఇంకా పుట్టలేదు. నేను బస్సెక్కి రెండేళ్లు కూడా కాలేదు. ఇప్పపూల కాలం, పొద్దుటి ట్రిప్పు, వెంకటాపురం నుంచి చర్ల వస్తున్నాను. రోడ్డు ఖాళీ. బస్సులో అందరూ తెలిసినవాళ్లే. వెనక నుంచి ఎవరో నా పేరు పెట్టి పిలిచి ఏదో నవ్వులాట మాటన్నారు. నేను తల తిప్పి జవాబిచ్చాను. ఒక్క మాట పూర్తయ్యేంతసేపు, అంతకంటే లేదు. మళ్లీ ముందుకు చూసేసరికి బస్సు ఎడమకు జరిగి అంచున పోతోంది. పక్క అద్దానికి ఏదో తగిలిన చప్పుడు. బ్రేకు తొక్కి కిందికి దూకాను.

ఒక కోయ ముసలమ్మ మార్జిన్లో అరచేతుల మీద, మోకాళ్ల మీద పడి ఉంది. అద్దం ఆమె నెత్తి మీది గంపకు తగిలింది. జానెడు కిందుగా ఉంటే తలకు తగిలేది. గంప బోర్లాపడి ఇప్పపూలు దుమ్ములో చెల్లాచెదరుగా పడ్డాయి. పొద్దున్నే ఏరినవి, ఇంకా తడి ఆరలేదు, పడినచోటల్లా మట్టి అంటుకుంది. "అమ్మా, దెబ్బ తగిలిందా" అంటున్నాను. ఆమె మోకాలి నుంచి నెత్తురు కారుతోంది. అరచేతిలో కంకర గుచ్చుకుని ఉంది. ఆమె నన్ను తిట్టలేదు, నా మొహం కూడా చూడలేదు. లేచి కూర్చుని పూలు ఏరడం మొదలుపెట్టింది. ఒక్కో పువ్వూ తీసి, నోటితో మట్టి ఊది, గంపలో వేసింది.

నేనూ కింద కూర్చుని ఏరాను. బస్సులోవాళ్లు ఒక్కొక్కరూ దిగి వచ్చి ఏరారు. సగానికి సగం మట్టిపాలయ్యాయి. జేబులో ఉన్న డబ్బులన్నీ ఆమె చేతిలో పెట్టాను. బస్సెక్కు, ఆసుపత్రి దగ్గర దింపుతానంటే తల అడ్డంగా ఊపి ముందుకు చెయ్యి చూపించింది, ఊరు దగ్గరే అన్నట్టు. గంప నేనే ఎత్తి నెత్తిన పెట్టాను. కుంటుకుంటూ బయల్దేరింది.

నేను సీట్లో కూర్చుని బండి స్టార్టు చేశాను. ఆమె పది గజాల ముందు, అదే అంచున పోతోంది. ఇంజను మోత విని అడుగు పక్కకు వేసింది. వెనక్కి తిరిగి చూడలేదు.

చిన్నోడా, ఆమెను అప్పుడే కింద పడేసిన బస్సది. తోలేది అదే మనిషి. అయినా ఆమె తిరిగి చూడలేదు. ఎందుకో నాకు అక్కడే, స్టీరింగు పట్టుకుని కూర్చుని ఉండగానే తెలిసింది. నెత్తిన బరువున్న మనిషికి తిరిగి చూడటం కుదరదు. మెడ తిప్పితే గంప పడిపోతుంది. వెనకవచ్చేవాడు చూసుకుంటాడులే అని వదిలేయడం తప్ప ఆమెకు ఇంకో దారి లేదు. తన కళ్లు ఆమె నాకు అప్పగించి నడుస్తోంది. ఆ కళ్లను నేను ఒక నవ్వులాట మాటకు ఖర్చు పెట్టేశాను.

తర్వాత సర్వీసు అయిపోయేదాకా బండి కదులుతుండగా నేను తల తిప్పలేదు. ఎవరు పిలిచినా ముందుకు చూస్తూనే పలికేవాణ్ణి. పొగరుబోతని కొందరు అనుకున్నారు. అనుకోనిచ్చాను.

మన భాషలో పరధ్యానమని ఒక మాట ఉంది. కళ్లు తెరిచే ఉంటాయి, మనసు ఇంకోచోట ఉంటుంది. నా కాలంలో అది ఎప్పుడో ఒకసారి పట్టేది. మీ కాలంలో అది జేబులో కూర్చుని రోజంతా పిలుస్తోంది.

నువ్వు లెక్కలు తెలిసినవాడివి, ఈ లెక్క నువ్వే వేసి చూడు. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16 మీటర్ల పైన. ఫోను బయటికి తీసి, ఎవరో చూసి, లోపల పెట్టడానికి హీనపక్షం 3 సెకన్లు. అంతలో బండి 50 మీటర్లు పోతుంది. మన గడప దగ్గర కళ్లకు గంతలు కట్టుకుని వీధి చివరి వేపచెట్టు దాకా బండి నడిపినట్టు. కళ్లు పైకెత్తాక ఎదురుగా ఏముందో గుర్తించి బ్రేకు పట్టేసరికి ఇంకో సెకను, ఇంకో 16 మీటర్లు. బ్రేకు పడ్డాక బండి ఆగే దూరం దానికి అదనం. వేగం రెట్టింపైతే ఆ ఆగే దూరం నాలుగింతలవుతుంది. ఇదంతా పొడి రోడ్డు మీది లెక్క. ఇసుక పడ్డ రోడ్డు మీద ఏ లెక్కా నిలవదు.

చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి, ఫోను హెల్మెట్‌లో దూర్చుకున్నా, ఇయర్‌ఫోన్ పెట్టుకున్నా అంటావు. ఆ రోజు నా చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయిరా. చెదిరింది ధ్యాస. ఇంకో సంగతి చెప్తాను. బస్సులో నా పక్క సీటు మనిషి ఎంత వాగుడుకాయ అయినా, ఎదురుగా లారీ వస్తుంటే దాన్ని చూసి తనంతట తనే మాట ఆపేవాడు. ఫోనులో ఉన్న మనిషికి నీ లారీ కనపడదు. అరిసెల గురించి అడుగుతూనే ఉంటాడు. పక్కన మనిషి ఉండి మాట్లాడటానికీ, ఫోనులో మాట్లాడటానికీ తేడా అక్కడే ఉంది.

లోపలి ఊళ్ల కుర్రాళ్లను చూశాను. అడవిలో ఉన్నంతసేపు సిగ్నల్ ఉండదు. మట్టిబాట వచ్చి తారు రోడ్డులో కలిసేచోట సిగ్నల్ అందుతుంది. పొద్దుటి నుంచి ఆగిన మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా జేబులో మోగుతాయి. నాలుగు దిక్కులా చూసుకుని రోడ్డెక్కాల్సిన చోట చెయ్యి జేబులోకి పోతుంది. నువ్వలా చేయకు. అక్కడే చెట్టు కింద బండి ఆపు, స్టాండు వెయ్యి, తీరిగ్గా చూసుకుని జవాబులిచ్చుకో. తర్వాత కదులు.

నీ దారిలోనే పర్ణశాలకు తిరిగే మలుపు ఉంది. చిన్నప్పుడు నిన్ను భుజం మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, సీతమ్మ నారచీరలు ఆరేసిన రాళ్లని మనవాళ్లు చెప్పుకునే రాళ్లు చూపించాను. బంగారు లేడి కథ చెప్తే, రాముడు దాని వెనక ఎందుకెళ్లాడు తాతయ్యా అని ఏడ్చావు. లేడి మెరిసింది, ఇంకొంచెం దూరమే అన్నట్టు ముందుకు పరిగెత్తింది. రాముడంతటివాడు దాని వెంట పడ్డాడు. ఆ కాస్తసేపట్లో పర్ణశాల దగ్గర ఏం జరిగిందో నీకు తెలుసు. మోగే ఫోను ఆ లేడి లాంటిదే. ఆ మలుపు దాటినప్పుడల్లా ఇది గుర్తు చేసుకో.

ఇక వేగం సంగతి. పండక్కి నువ్వూ నీ స్నేహితులూ తాలిపేరు ప్రాజెక్టు దగ్గర తీసిన వీడియో నాకు చూపించావు. బండి నడిపే కుర్రాడు రెండు చేతులూ చాపాడు, వెనక ఇద్దరు అరుస్తున్నారు. వెనకాల పాట ఏదో వస్తోంది. అది నా చెవికి ఎక్కలేదు, ముందు చక్రం వణకడమే చూస్తూ కూర్చున్నాను. చేతులు చాపినవాడు నువ్వు కావు, ఆ మాట ఒప్పుకుంటాను. వీడియో తీసినవాడివి నువ్వు. చూసేవాడు లేకపోతే చేసేవాడు ఉండడు. స్నేహితుడు ఆ పని చేస్తుంటే ఫోను జేబులో పెట్టుకుని, దిగరా అని చెప్పడం స్నేహం. చెప్తే చులకనవుతానని భయపడితే, రేపు వాడి అమ్మ ముందు నిలబడాల్సినప్పుడు ఇంతకంటే ఎక్కువ భయపడాల్సి వస్తుంది.

బండి మంచిదైతే, చెయ్యి తిరిగితే మనకేమీ కాదని ఆ వయసులో నాకూ అనిపించేది. ఆ ధీమాకు మన తెలుగువాళ్లు ఎన్ని కడుపుకోతలు చూశారో. 2010లో నటుడు కోట శ్రీనివాసరావు గారి కొడుకు హైదరాబాద్ శివార్లలో బైకు ప్రమాదంలో పోయాడు. 2011 సెప్టెంబర్‌లో క్రికెట్ కెప్టెన్‌గా చేసిన అజారుద్దీన్ గారి కొడుకు అయాజుద్దీన్, నీ వయసువాడే, 19 ఏళ్లు, ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పోర్ట్స్ బైకు జారిపడి కొద్దిరోజులకు కన్నుమూశాడు. వెనక కూర్చున్న బంధువుల పిల్లాడు ముందే పోయాడు. అదే ఏడాది డిసెంబర్‌లో, అదే ఔటర్ మీద, రాజకీయ నాయకుడు కోమటిరెడ్డి వెంకటరెడ్డి గారి కొడుకు ప్రతీక్ పోయాడు. 2017 మే 10 తెల్లవారుజామున అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ గారి కొడుకు నిశిత్ కారు జూబ్లీహిల్స్‌లో మెట్రో పిల్లర్‌కు కొట్టుకుంది. అతనూ, పక్కనున్న స్నేహితుడూ మిగల్లేదు. ఖరీదైన బండ్లు, వెడల్పు రోడ్లు, చుట్టూ పెద్దాసుపత్రులు ఉన్న పిల్లలు వాళ్లు. మన దారిలో దెబ్బ తగిలితే మొదట భద్రాచలం, అక్కడ కాదంటే ఖమ్మమో వరంగలో. దెబ్బ తగిలిన మొదటి గంటే ప్రాణం నిలబెట్టే గంట అని డాక్టర్లు అంటారు. మనకు ఆ గంట ప్రయాణానికే చాలదు.

నీ గోడ మీద జూనియర్ ఎన్టీఆర్ బొమ్మ ఉంది. ఎంత పెద్ద సభ అయినా చివర్లో అభిమానులను జాగ్రత్తగా ఇళ్లకు చేరమని ఆయన బతిమాలతాడు, నాకంటే నీకే తెలుసు. 2009 మార్చిలో ఎన్నికల ప్రచారం నుంచి తిరిగొస్తూ సూర్యాపేట దగ్గర ఆయనే ప్రమాదంలో పడ్డాడు. 2014 డిసెంబర్‌లో అన్న జానకిరామ్ నల్గొండ జిల్లా రోడ్డు మీద పోయాడు. 2018 ఆగస్టు 29న తండ్రి హరికృష్ణ గారు అదే నల్గొండ జిల్లాలో, తన కారు తానే నడుపుతూ పోయారు. సీటు బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఎన్టీఆర్ డైలాగులన్నీ నీకు నోటికి వచ్చు. జాగ్రత్తగా ఇంటికి చేరమనే ఆ ఒక్క మాట కూడా నేర్చుకో.

హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీద అలంకారానికి కాదు. 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి నాడు హైదరాబాద్‌లో కేబుల్ బ్రిడ్జి దగ్గర సాయిధరమ్ తేజ్ బైకు జారింది. రోడ్డు మీద ఇసుక. రోజుల తరబడి స్పృహ లేకుండా పడి ఉన్నాడు. తలకు హెల్మెట్ ఉంది కాబట్టి మళ్లీ లేచి సినిమాలు చేస్తున్నాడు. అంత పెద్ద నగరంలో కాస్త ఇసుకకే అంత జరిగితే, ర్యాంపుల ముందు నుంచి పోయే నువ్వు ఎంత జాగ్రత్తగా ఉండాలి? ఇసుక కనపడినచోట ముందే వేగం తగ్గించు. దాని మీదికి వచ్చాక బ్రేకు గట్టిగా పట్టకు, బండి వంచకు. హెల్మెట్ గడ్డం కింద పట్టీ బిగించు. పట్టీ పెట్టని హెల్మెట్ నీకంటే ముందే ఎగిరిపోతుంది.

2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారని కేంద్ర ప్రభుత్వమే లెక్క చెప్పింది. ఇంత పెద్ద అంకె మనసుకు ఎక్కదు. నేను బస్సుల్లో లెక్క కట్టుకున్నాను. రోజుకు 460 మందికి పైన, అంటే యాభై మంది ఎక్కిన బస్సులు తొమ్మిది. ప్రతిరోజూ తొమ్మిది నిండు బస్సులు బయల్దేరి ఇల్లు చేరలేదు, ఏడాది పొడుగునా. పోయినవాళ్లలో మూడింట రెండు వంతులు 18 నుంచి 45 ఏళ్లవాళ్లు, ఇల్లు మోసే వయసువాళ్లు. హెల్మెట్ లేకుండా పోయినవాళ్లే 50,029 మంది.

తాగుడు గురించి పెద్దగా చెప్పను. మన వైపు పండగంటే తాటికల్లు ఉంటుంది, ఇప్పసారా ఉంటుంది. కల్లంటే మత్తే కాదనుకునేవాళ్లూ ఉన్నారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే చట్టం దృష్టిలో తాగి నడిపినట్టే, అది ఏ చెట్టు కల్లయినా సరే. 2016 జూలై 1న హైదరాబాద్ పంజాగుట్టలో తాగి ఉన్న కాలేజీ కుర్రాళ్ల కారు డివైడర్ మీంచి ఎగిరి ఎదుటి కారు మీద పడింది. బడి నుంచి ఇంటికి వస్తున్న చిన్నపిల్ల, ఆ ఇంటి పెద్దవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు తమ దారిన తాము పోతున్నవాళ్లు. నా బస్సు ముందు నడిచిన ముసలమ్మలాంటివాళ్లు. ఎక్కడైనా తాగాల్సి వస్తే బండి అక్కడే వదిలెయ్. అర్ధరాత్రయినా సరే మీ నాన్నకు ఫోను చెయ్. ఎందుకు తాగావని ఆ రాత్రి ఎవరూ అడగరు, నాది పూచీ.

తమ్ముడు నీ తాళంచెవి కోసం నీ చుట్టూ తిరుగుతున్నాడు. వాడికి పదిహేనేళ్లు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. చట్టం సంగతి అలా ఉంచు. వాడు నీ మాట వినడు, నిన్ను చూస్తాడు. నువ్వు మలుపులో ఎలా తిరిగితే వాడూ అలాగే తిరుగుతాడు.

ఆగడం నేర్చుకో. వానాకాలంలో వాగు రోడ్డెక్కితే మేం బస్సు ఆపేసి గంటలు గంటలు కూర్చునేవాళ్లం. బైకు కుర్రాళ్లు మమ్మల్ని దాటుకుని నీళ్లలోకి దిగేవాళ్లు, చేతగాని డ్రైవరని నవ్వేవాళ్లు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటినప్పుడు మన ఊరి దారి ఎన్ని రోజులు మూసుకుపోయిందో నీకు గుర్తుండే ఉంటుంది. మూసుకున్న దారి తెరుచుకుంది. ఆగినవాళ్లందరం మళ్లీ దాని మీద తిరిగాం. నిద్ర వచ్చినా, కోపం వచ్చినా, పరీక్ష పోయిందన్న దిగులున్నా అంతే. బండి పక్కకు తీసి కాసేపు కూర్చో.

ఎవరైనా పడి ఉంటే కూడా ఆగు. మనవాళ్లకు కేసంటే భయం, సాక్ష్యమంటే భయం. దెబ్బ తగిలినవాణ్ణి చూసి కూడా పక్క నుంచి పోతారు. సాయం చేసినవాణ్ణి వేధించకూడదని 2016లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2019 సవరణలో ఆ రక్షణ చట్టంలోకే వచ్చింది. నీ పేరు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. 108కి ఫోను చెయ్, అది వచ్చేదాకా పక్కన ఉండు. సిగ్నల్ లేకపోతే వచ్చే బండిని ఆపు. మెడకూ వెన్నుకూ దెబ్బ తగిలి ఉండొచ్చు, అడ్డదిడ్డంగా ఎత్తి కుదేయకు. రోడ్డు మీద జేబులోంచి ఫోను తీయాల్సిన వేళ అదే.

చివరికి మా వంతు. నిన్న రాత్రి మీ నాన్ననీ, అమ్మనీ, నాయనమ్మనీ కూర్చోబెట్టి నేను చేసిన పని చెప్పాను. ఎక్కడున్నావురా, తిన్నావా అని దారిలో ఉన్న పిల్లాడికి పదిసార్లు ఫోను చేసేది మనమే. అది ప్రేమే, కాని వాడి కళ్లను రోడ్డు మీంచి తప్పించేదీ ఆ ప్రేమే. ఇంట్లో అందరం ఒక మాట అనుకున్నాం. బయల్దేరే ముందు నువ్వు ఫోను చేసి చెప్పు. ఆ తర్వాత రెండు గంటల దాకా ఇక్కడి నుంచి ఎవరూ చేయరు. చేరాక నువ్వే చెయ్. మధ్యలో ఫోను మోగినా అది ఇంటి నుంచి కాదని నీకు తెలుసు, కాబట్టి తీయక్కర్లేదు. ఆలస్యమైందని ఇక్కడ ఎవరూ తిట్టరు. మీ నాయనమ్మకు ఒప్పుకోవడానికి కష్టమైంది. రెండు గంటలు జపం చేసుకుంటానంది.

వచ్చే శనివారం నువ్వు వస్తావు కదా. ఒక చిన్న పని చెప్తాను, చెయ్. చర్ల దగ్గరపడేసరికి చేలల్లోంచి మిరప కూలీలు ఇళ్లకు తిరిగొస్తూ రోడ్డంచున వరసగా కనిపిస్తారు. నెత్తిన మూటలుంటాయి, కొందరి చంకల్లో పిల్లలుంటారు. దూరం నుంచే వేగం తగ్గించు. హారన్ ఒక్కసారి, మెల్లగా కొట్టు. దగ్గరకొచ్చి దడిపించేలా కొడితే బరువుతో ఉన్నవాళ్లు తూలిపోతారు. ఎదురుగా బండి లేదని చూసుకుని కుడికి బాగా జరిగి దాటు. దాటాక పక్క అద్దంలో ఒకసారి చూడు. వరస చెదరకుండా, ఎప్పటిలాగే నడిచి వస్తుంటారు. నువ్వెవరో వాళ్లకు తెలియదు. తెలియాల్సిన పనీ లేదు.

ఇంటికొచ్చాక ఎంతమందిని దాటావో నాకు చెప్పు. అరుగు మీద కూర్చుని ఉంటాను.

ఇట్లు,
నీ తాతయ్య